ఎవరింటి నీళ్ళు

మా అవ్వకూ మా అత్తమ్మకూ పెళ్లిచూపుల నాడే పడలేదు. అవ్వ అంటే మా వైపు కన్నతల్లి. చూపులకొచ్చిన అత్తమ్మ మా బెజ్జంకి ఇంట్లో కూర్చుని, గోడలన్నీ ఒకసారి కలియజూసి, "ఇల్లు మంచిగున్నది గని గాలి ఆడుతలేదు వదినె" అన్నదట. ఆ ఒక్క మాటను అవ్వ ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకుంది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. నాకు చిన్న జలుబు చేసినా ఇద్దరూ ఆగమాగమవుతారు. కానీ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి బయటికొస్తే, తిరిగి వెళ్ళేసరికి ఏదో ఒక దాని మీద పంచాయితీ నడుస్తూ ఉంటుంది. పప్పులో చింతపండు ఎంత వేయాలన్న దగ్గర మొదలుపెట్టి వాళ్ళు ఎక్కడికైనా వెళ్ళగలరు.

నాకు తొలి కాన్పు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలోనే అవ్వా బాపూ వచ్చి నన్ను సిద్దిపేట నుంచి బెజ్జంకి తీసుకుపోయారు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. సెలవు అడిగితే మా హెడ్మాస్టరు ముఖం మాడ్చుకున్నాడు, అది వేరే కథ. నెలనెలా చూపించుకోవడానికి మాత్రం సిద్దిపేట వచ్చి రెండు రోజులు అత్తగారింట్లో ఉండి పోయేదాన్ని. తొమ్మిదో నెల పడగానే అత్తమ్మ ఫోన్ చేసి, కాన్పు మీరు చేసుకుంటున్నారు కదా, సీమంతం మాత్రం మా ఇంట్లోనే చేస్తానని పట్టుబట్టింది. అవ్వ రెండు రోజులు గునిసి ఒప్పుకుంది.

సీమంతానికి వారం ముందు నుంచి నాకు వాంతులు. తిండి వాసన వస్తేనే కడుపులో తిప్పేది. అంతకు కొంచెం ముందే బాపు కూడా వాంతులూ విరేచనాలతో పడి లేచాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఆయన వచ్చి బాపుకు పెట్టినట్టే నాకూ ఒక సెలైన్ పెట్టి పోయాడు. బాపుకు తగ్గింది, నాకూ తగ్గుతుందనుకున్నాం. అవ్వ మాత్రం "పైత్యం చేసింది" అని తేల్చి, అల్లం, నిమ్మకాయ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళంతా దురద. మూత్రం ఎర్రగా వస్తుంటే వేడి చేసిందని మజ్జిగ తాగాను. నెలలు నిండిన మనిషికి ఎన్ని ఉండవు అని అందరం అనుకున్నాం.

సీమంతం నాడు పీట మీద కూర్చోవడమే కష్టమైంది. అయినా కూర్చున్నాను. వచ్చిన ముత్తైదువలందరూ చెంపలకు పసుపు, మెడకు గంధం పూసి, చేతులనిండా గాజులు తొడిగి, పసుపు కలిపిన ఒడిబియ్యం పోశారు. పసుపు మా బెజ్జంకి చేనులో పండింది. అవ్వ డబ్బానిండా తెచ్చి, అందరికీ వినపడేలా ఆ సంగతి చెప్పింది కూడా. చూసినవాళ్ళందరూ నా ముఖాన్ని మెచ్చుకున్నారు. "పచ్చటి నిగారింపు వచ్చింది సూడు, ఆడపిల్లనే పుడుతది" అని మా పక్కింటామె తీర్పు చెప్పేసింది. నాకు ఒంట్లో ఓపిక లేదు గానీ, మెచ్చుకుంటుంటే బాగానే ఉండింది. ఫొటోల్లో ఇప్పటికీ చూస్తాను, బంగారు బొమ్మలా ఉంటాను. ఆ బంగారమంతా ఏమిటో ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ ఆల్బమ్ నేను ఎక్కువసేపు తిప్పలేను.

మధ్యాహ్నం అందరూ భోంచేసి వెళ్ళాక అత్తమ్మ గోరువెచ్చటి నీళ్ళు, శనగపిండి తెచ్చి నా ముఖం కడగడం మొదలుపెట్టింది. ఒకసారి రుద్దింది. మళ్ళీ రుద్దింది. తర్వాత అవ్వను కేకేసింది.

"ఏంది వదినె గీ పసుపు? ఎంత రుద్దినా పోతలేదు. మర పట్టిచ్చినకాడ ఏమన్న రంగు కలిపిన్రేమో."

అవ్వ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "రంగు కలిపే కర్మ మాకేంది? మా చేన్ల తవ్వి, మేమే ఉడకబెట్టి, మేమే ఎండబెట్టినం. దగ్గరుండి పట్టిచ్చినం. నీకు రుద్దొస్తలేదు, ఇటియ్యి."

పిండి గిన్నె లాక్కుని ఈసారి అవ్వ రుద్దింది. తడి తువ్వాలతో నుదురు తుడిచింది. నుదుటికి ఎవరూ పసుపు పూయలేదు, చెంపలకే పూశారు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. తువ్వాల పక్కన పెట్టి, నా గడ్డం పైకెత్తి, వేలితో కింది రెప్ప లాగి చూసింది.

"వదినె, జెర ఇటు రా. పసుపు కండ్లల్లకు ఎట్ల పోతది?"

అత్తమ్మ వంగి చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి పసుపు, ఎవరి తప్పు అన్న మాటే రాలేదు. వాళ్ళిద్దరూ అలా నోరు మూసుకుని నిలబడటం నేను చూడటం అదే మొదలు, నాకు భయం అక్కడే పుట్టింది.

మా ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. ఫోన్ చేయగానే చేతులకున్న గ్రీజుతోనే వచ్చాడు. పక్కింటామె కామెర్లకు పసరు పోసే మనిషి ఉన్నాడని ఏదో చెప్పబోయింది గానీ, అత్తమ్మ "తొమ్మిది నెలల పిల్లకు పసరేంది, నడువుండ్రి దవాఖానకు" అని నన్ను ఆటో ఎక్కించింది.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నా కళ్ళు చూసి, రక్తం తీయించి, కాగితాలు వచ్చాక బాపునూ మా ఆయననూ పిలిచింది, వెనకాలే అవ్వా అత్తమ్మా కూడా పోయారు. లివర్ బాగా దెబ్బతిన్నదని, రక్తం గడ్డకట్టడం లేదని, తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదమేనని చెప్పింది. బాపు అక్కడే తెల్లబోయాడు.

"మా బిడ్డ మందు వాసన గూడ ఎరుగది మేడం. ఆమెకు లివరు ఎట్ల ఖరాబైతది?"

అది అమాయకపు ప్రశ్నే గానీ, మా దగ్గర ఎవరైనా అదే అడుగుతారు. లివర్ పోయింది అంటే తాగి పోయిందనే అర్థం. లేకపోతే కార్జం అంటే ఆదివారం మటన్ దుకాణంలో, ఇంకొంచెం వెయ్యమని అడిగి వేయించుకునే ముక్క. మన లోపలా ఒకటి ఉంటుందని, అది రాత్రీ పగలూ చాకిరీ చేస్తుందని ఎవరికి గుర్తుంటుంది? గుండె కొట్టుకుంటే వినపడుతుంది, కడుపు ఆకలైతే అరుస్తుంది. ఇది మాత్రం నోరు విప్పదు, కళ్ళు పచ్చబడే దాకా.

"మందుతోనే కాదు పెద్దాయనా, నీళ్ళతో కూడా అవుతుంది" అన్నది డాక్టరమ్మ. కలుషితమైన నీళ్ళతోనో తిండితోనో వైరస్ కడుపులోకి పోతుందట. చాలామందికి కాస్త వాంతులు, కాస్త విరేచనాలతో, ఏదో కడుపు పాడైనట్టే వచ్చి పోతుంది. కొందరిలో కాలేయాన్ని పట్టుకుంటుంది. వాళ్ళలోనూ ఎక్కువమందికి దానంతట అదే తగ్గిపోతుంది. నెలలు నిండిన ఆడవాళ్ళకు మాత్రం అంత తేలిగ్గా వదలదు. అవ్వ వెంటనే అడిగింది, ఎప్పుడు తాగిన నీళ్ళతో వచ్చింది ఇది అని. రెండు మూడు వారాల కిందటివైనా కావచ్చు, రెండు నెలల కిందటివైనా కావచ్చు అని జవాబు.

ఆ జవాబు అవ్వకూ అత్తమ్మకూ చెప్పకుండా ఉండాల్సింది. ఆ రెండు నెలల్లో నేను బెజ్జంకిలోనూ ఉన్నాను, సిద్దిపేటలోనూ ఉన్నాను. బెజ్జంకిలో బాపుకు వాంతులయ్యాయి. సిద్దిపేటలో నేను చూపించుకోవడానికి వచ్చిన నాడే మా మరిదికీ అయ్యాయి. వార్డు బయట బెంచీ మీద ఇద్దరూ మొదలుపెట్టారు. "మీ బోరు పక్కపొంటే సెప్టిక్ ట్యాంకు ఉన్నది, నా కండ్లతోటి చూసిన" అని అత్తమ్మ. "మీ నల్లా పైపు మురుగు మోరీలకెల్లి వస్తది, గా సంగతి వాడకట్టంత ఎరుకే" అని అవ్వ. మధ్యలో మా ఆయన, చంద్లాపూర్ రిజర్వాయర్ కట్ట మీదికి పోయినప్పుడు పానీపూరీ తినిపించింది నేనే కదా అని ఒప్పుకోబోతే, నువ్వు ఆగు అని ఇద్దరూ కలిసి కసిరారు. పానీపూరీ బండివాడి మీదికి నెట్టేస్తే వాళ్ళిద్దరికీ కొట్లాట పోతుంది కదా.

నేను మంచం మీద పడుకుని అదంతా వింటున్నాను. నాకు చిరాకేసింది. ఏ నీళ్ళయితేనేం, తాగేశాను. వచ్చింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కంటికి కనిపించని పురుగు మీద కోపం ఎలా తెచ్చుకుంటారు? ఎదురుగా ఒక మనిషి ఉంటే తిట్టొచ్చు. పైగా తప్పు అవతలి ఇంటిది కాకపోతే తమ ఇంటిదే అవుతుంది. నా బిడ్డకు నా చేత్తోనే ముంచి ఇచ్చిన చెంబు అది అని ఒప్పుకోవడం ఏ తల్లి వల్ల అవుతుంది?

సాయంత్రం ఇంకో డాక్టరు వచ్చి నన్ను రెండు చేతులూ ముందుకు చాచమన్నాడు. ఎదుటివాళ్ళను ఆగమన్నట్టు అరచేతులు పైకి లేపమన్నాడు. లేపాను. చేతులు కదలకుండానే పెట్టాననుకున్నాను, కానీ సీమంతం గాజులు గలగలమన్నాయి. ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్ళీ గలగలమన్నాయి. ఆయన నవ్వు ముఖం మారిపోయింది. లివర్ వడకట్టాల్సిన విషం తలకెక్కుతోందని, అందుకే చేతులు అలా ఎగురుతాయని తర్వాత తెలిసింది. అది దిగాలంటే కడుపు జాడించాలట. తియ్యటి పానకంలాంటి మందొకటి తాగిస్తూనే ఉన్నారు. వాంతులతో వస్తే విరేచనాలయ్యే మందిస్తున్నారేమిటి అని అత్తమ్మ నర్సుతో వాదానికి దిగినట్టు గుర్తు.

ఆ తర్వాతది నాకు గుర్తు లేదు. మా ఆయన చెబుతాడు, నేను నర్సును బెంచీ ఎక్కమన్నానట, పదిహేడో ఎక్కం రానిదానివి బడికెందుకొచ్చావని తిట్టానట. అది చెప్పేటప్పుడు నవ్వుతాడు గానీ, నవ్వు సగంలోనే ఆగిపోతుంది. పట్నంలో ఇంకా పెద్ద దవాఖానకు తీసుకుపోవాలా అని మాట్లాడుకుంటుండగానే నొప్పులు మొదలయ్యాయట. కాన్పు ఇక్కడే అయింది. రక్తం ఆగకపోతే మా ఆయన దుకాణం పక్క దుకాణాల వాళ్ళు వరసగా వచ్చి ఇచ్చారట. నా జీవితంలోకెల్లా పెద్ద రోజు, అందులో నేను ఉన్నాను, కానీ నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. అన్నీ ఎవరో చెప్పిన ముక్కలే.

కళ్ళు తెరిచేసరికి చేతులకు గొట్టాలున్నాయి. కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. ఖాళీగా, మెత్తగా తగిలింది. పక్కన మా ఆయన గడ్డం పెరిగి ఉన్నాడు.

"బిడ్డ పుట్టింది" అన్నాడు. మా వైపు బిడ్డ అంటే ఆడపిల్ల. "మంచిగనే ఉన్నది. బరువు తక్కువున్నదని అద్దాల పెట్టెల పెట్టిన్రు."

మంచిగున్నది అంటే బాగుందనే. మంచిగనే ఉన్నది అంటే వేరు. ఆ 'నే' ఎక్కడి నుంచి వచ్చింది? మా ఇళ్ళల్లో చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. నేను డిగ్రీ చదివేటప్పుడు మా మేనత్త కొడుకు బండి మీద నుంచి పడి చనిపోయాడు. మేనత్తకు మాత్రం "కాలు ఇరిగింది అంతే, మంచిగనే ఉన్నడు, నిన్ను చూస్తనంటుండు" అని చెప్పి కారెక్కించారు. పాపం ఆమె దారి పొడుగునా, కాలు విరిగినవాడికి ఏం వండిపెట్టాలో మాట్లాడుతూనే ఉందట, ఇంటి ముందు టెంటు కనబడే దాకా. జబ్బు మనిషికైతే అసలే చెప్పరు. తట్టుకోలేదని, ముందు ఒంట్లో బలం రావాలని. అది మా ప్రేమ. ఆ ప్రేమ ఎలా మాట్లాడుతుందో నాకు బాగా తెలుసు. మా ఆయన సరిగ్గా ఆ భాషలోనే మాట్లాడాడు.

చూపించమన్నాను. నేను లేవకూడదన్నారు, పిల్లను ఇక్కడికి తేకూడదన్నారు. ఆయన ఫోన్లో ఫొటో చూపించాడు. ముక్కులో గొట్టం పెట్టి, టోపీ తొడిగి, గుడ్డలో చుట్టిన ఒక పసికందు. పుట్టిన పిల్లలందరూ ఒకేలా ఉంటారు. ఆ గదిలో ఎన్ని పెట్టెలున్నాయో, ఏ పెట్టెలో ఎవరి పిల్లో. "గిది మన పిల్లనే అని నాకేం తెలుసు?" అన్నాను. "నీకు తలకాయల మత్తు ఇంక దిగలేదు" అని ఆయన మండిపడ్డాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళు తుడుచుకోవడం నాకు ఇంకో సాక్ష్యమైంది.

అవ్వ వచ్చినప్పుడు, నా మీద ఒట్టేసి చెప్పమన్నాను. "బీమారున్న మనిషి మీద ఒట్టు పెట్టుకుంటరా ఎవరన్న?" అని చెయ్యి వెనక్కు లాక్కుంది. పాలు ఎందుకు పిండటం లేదని నర్సును అడిగితే, ముందు నువ్వు కోలుకో అమ్మా అని మాట తప్పించింది.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం వేరే ఉంది. అవ్వా అత్తమ్మా కలిసిపోయారు. ఒకే టిఫిన్ డబ్బాలోంచి తింటున్నారు. అవ్వ నా తల దువ్వుతుంటే అత్తమ్మ పక్కన నిలబడి "మీరు దువ్వితెనే మంచిగుంటది వదినె" అన్నది. అవ్వ "అయ్యో, మీరు రెండు దినాల సంది కూసోనే లేదు, జెర కూసోండ్రి" అన్నది. నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. నీళ్ళ మాట లేదు, బోరు లేదు, నల్లా లేదు. ఇంట్లో పెద్ద చావు జరిగితే తప్ప ఈ ఇద్దరూ ఇలా ఉండరు.

ఇక నేను ఎవరినీ అడగలేదు. నా బిడ్డ లేదని నాలో నేనే ఖాయం చేసుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళందరూ ఆడుతున్న ఆ నాటకం ఆగిపోతుందని, ఆగితే నిజం నోటితో చెప్పేస్తారని భయం. ఫొటోలో పిల్లను చూపిస్తే ఊఁ అనేదాన్ని. డాక్టరు వచ్చి, లివర్ తిరిగి పుంజుకుంటోంది, దానికి ఆ గుణం ఉంది, కోసినా పెరుగుతుంది అని సంతోషంగా చెబితే, దానికేం, అది పెరుగుతుంది అనుకున్నాను. దాని మీద కూడా కోపమొచ్చింది నాకు.

ఒక పొద్దున గది తుడిచే ఆమె తలుపు బార్లా తెరిచి, బకెట్ అడ్డం పెట్టి ఫినాయిల్ కోసం వెళ్ళింది. వరండాలోంచి గొంతులు వినిపించాయి. మొదట గుసగుసగా, తర్వాత గుసగుస మరిచిపోయి.

"ఇరవై ఒకటో దినం తొట్టెల మా ఇంట్లనే చేస్తం. తొలి కాన్పు తల్లిగారిది" అని అవ్వ.

"కాన్పు దవాఖానల అయింది, ఇంక మీదేంది మాదేంది? నేను పిల్లను గా బోరు నీళ్ళకు పంపియ్య."

"మరి మీ మోరీ నీళ్ళతోటి తానం పోస్తరా నా మనుమరాలికి?"

"కాచి పోస్త. నాకెరుక లేదా? ముందు మీరు పాలు పట్టుడు నేర్సుకోండ్రి. నిన్ననే గొట్టం తీసిన్రు, పొద్దుగాల ఉగ్గుగిన్నె గట్ల వంచితె పిల్ల ఎట్ల మింగుతది? సగం పాలు మెడ మీదికే కారినయి."

"అది మెడ తిప్పింది, నేనేం జేయాలె? మీ ఇంటి పొగరు వచ్చింది దానికి. నోట్లె పెట్టంగనే మూతి తిప్పుకుంటది."

"మూతి తిప్పుడు మా ఇంట్ల లేదు వదినె, మీ బెజ్జంకి నుంచే వచ్చింది."

నేను దిండు మీంచి తల ఎత్తి విన్నాను. ఒట్టు పెట్టమంటే పెట్టని మనుషులు, నాకోసం ఎన్ని మాటలైనా పుట్టించగల మనుషులు, మూతి తిప్పడం ఎవరి పోలిక అని వరండాలో నిలబడి కొట్లాడుతున్నారు. ఇది నాకు వినిపించడానికి అంటున్న మాట కాదు. వాళ్ళు నన్ను పూర్తిగా మరిచిపోయి ఉన్నారు.

గదిలో ఉన్న నర్సు విసుగ్గా వాళ్ళ నోరు మూయించడానికి తలుపు దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి నన్ను చూసి ఆగిపోయింది. నా దిండు తడిసిపోయింది, ముక్కు కారుతోంది, గొట్టాలున్న చేతులతో తుడుచుకోవడం కుదరడం లేదు.

"ఏమైందమ్మా? నొప్పి లేసిందా?"

"వాళ్ళను ఏమనకుండ్రి సిస్టర్" అన్నాను. "జెర పోయి, నా బిడ్డ మెడ తుడిచిన్రో లేదో అడుగుండ్రి. మడతలల్ల పాలు నిలిస్తె పుండైతది."